ఎర్ర గుర్తు పెట్టిన తాడు

చెట్ల కొమ్మలు కొట్టే పనిలో ఇరవై రెండేళ్లు ఉన్నాను. అన్నేళ్లలో ఒక్క చెట్టు కూడా ఎక్కలేదు. నాకు ఎత్తంటే భయం. స్టూలెక్కి బల్బు మార్చాలన్నా మా ఆవిడనే పిలుస్తాను, ఆవిడ నవ్వుకుంటూ ఎక్కుతుంది. నా పనంతా నేలమీద. రంపాలు, తాళ్లు, నిచ్చెనలు, కొమ్మల్ని నమిలి పొట్టు చేసే మిషను, వీటన్నిటినీ మోసుకుపోయే ట్రాలీ ఆటో. పొద్దున అవి స్టార్ట్ కావాలి, సాయంత్రం దాకా నడవాలి, ఎవరి వేలూ తెగకూడదు. అంతే నా ఉద్యోగం.

రాయమన్నది మా సుగుణక్క. తిరుమలగిరిలో చిన్న నర్సరీతో మొదలుపెట్టి చెట్ల పని దాకా వచ్చిన మా యజమానురాలు. నేను మానేశాక ఇద్దరు కొత్త మెకానిక్‌లను పెట్టుకుంది. "నువ్వు నోటితోని చెప్తే ఫోన్ చూస్కుంట ఊ కొడ్తరు మల్లేశం. రాసియ్యి, గోడకు అతికిస్త" అంది. గోడకు అతికించేంత చిన్నగా రాయడం నాకు చేతకాలేదు.

మిషన్ల సంగతి సగమే చెప్తాను. మిగతా సగం జహంగీర్ సంగతి. జహంగీర్ మా చెట్టెక్కే మనిషి. పద్నాలుగేళ్లపాటు నేనిచ్చిన తాడును ఒక్కసారైనా చూడకుండా భుజాన వేసుకుని కోతిలా ఎక్కిపోయేవాడు. ఒకరోజు నా చేతి తాడు తెగింది. ఆ తర్వాత ఎనిమిదేళ్లు నా కడుపులో ఉన్నది ఒక్కటే ప్రశ్న: ఈ మనిషి మళ్లీ ఎప్పుడైనా నా చేతి తాడును చూడకుండా తీసుకుంటాడా?

గోనెసంచిలో వచ్చిన ఉద్యోగం

అంతకుముందు నేను రెజిమెంటల్ బజార్‌లో స్కూటర్ మెకానిక్‌ని. ఒకరోజు సుగుణక్క గోనెసంచి తెచ్చి దుకాణం ముందు దించింది. లోపల చైన్ రంపం.

"ఇది స్టార్ట్ గాదు. నాలుగు దుకాణాలు తిరిగిన, అందరు గిది మా పని కాదన్నరు. స్కూటర్ జేస్తవ్ గదా, ఇది సుత ఇంజనే గదా?"

విప్పి చూస్తే పిస్టన్ పట్టేసి ఉంది. పెట్రోల్ ఏది పోస్తున్నారని అడిగాను.

"బంకుల మంచి పెట్రోలే. నూనె గీనె ఏం కలపలే. ప్యూర్!" అంది గర్వంగా.

నాకు నవ్వాగలేదు. "అక్కా, ఇది నూనె కలిపిన పెట్రోల్ తాగాలె. ఉత్తది పోస్తే లోపట రాసుకుని రాసుకుని కాలిపోతది. దీన్ని నువ్వే సంపినవ్" అన్నాను.

దుకాణం నిండా జనం. వాళ్ల ముందు ఒక ఆడమనిషిని అలా అనేశానే, ఇక తిట్లు తప్పవనుకున్నాను. ఆమె నా చెవిమీది పెన్సిల్ లాక్కుని, ఎంత పెట్రోల్‌కు ఎంత నూనో అడిగి అరచేతిలో రాసుకుంది. వారం తర్వాత మళ్లీ వచ్చి, "నా దగ్గరికి వస్తవా?" అంది. వెళ్లిపోయాను. జీతం ఎంతో కూడా సరిగ్గా అడగలేదు. తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకునే యజమాని దొరికితే వదులుకోకండి, మళ్లీ దొరకడం కష్టం.

సుగుణక్కలో లోపం లేదని కాదు. "ఇయ్యాల్టికి నడిపియ్యి మల్లేశం, రేపు జూద్దాం" అనే మాట ఆమెకు ఊతపదం. ఈ పనిలో అంతకన్నా ప్రమాదమైన మాట నేను వినలేదు. బ్రేకు వదులైన రంపాన్ని ఇవాళ్టికి నడిపిస్తే రేపు చూడడానికి చెయ్యి ఉండకపోవచ్చు. మొదట్లో తల ఊపేవాడిని. తర్వాత షెడ్డు తాళం చెవి జేబులో వేసుకుని ఇవ్వనని మొండికేయడం నేర్చుకున్నాను. ఆమె అరుస్తుంది, అరవనివ్వండి. మధ్యాహ్నానికి తనే చాయ్ తెప్పిస్తుంది.

రంగుల మల్లేశం

నేను చేరిన కొత్తలో షెడ్డులో పెట్రోల్, చైన్ నూనె, మంచినీళ్లు, అన్నీ ఒకేరకం కూల్‌డ్రింక్ సీసాల్లో ఉండేవి. ఒకసారి పెట్రోల్ ట్యాంకులో చైన్ నూనె పోశారు. ఇంకోసారి ఒక కూలీ ఎండలో దాహమేసి సీసా ఎత్తాడు, వాసన తగిలి ఉమ్మేశాడు కాబట్టి బతికిపోయాడు. ఆ సాయంత్రమే నాలుగు రంగులు కొని సీసాలకు పూశాను. నూనె కలిపిన పెట్రోల్‌కు నీలం. చైన్ నూనెకు పసుపు. మంచినీళ్లకు తెలుపు. ఎరుపు ఉన్నదేదైనా సరే ముట్టుకోవద్దు. చదువు రానివాడికి కూడా రంగు తెలుస్తుంది కదా.

అక్కడినుంచి నాకు రంగుల పిచ్చి పట్టింది. అరిగిన చైన్‌కు ఎరుపు. పగిలిన హెల్మెట్‌కు ఎరుపు. మెట్టు వదులైన నిచ్చెనకు ఎరుపు. అందరూ నన్ను రంగుల మల్లేశం అనేవాళ్లు, నేను మీసం మెలేసేవాడిని. ఆ గర్వం ఎక్కడికి తీసుకుపోయిందో ముందుముందు చెప్తాను.

పదును గురించి ఒక ముక్క. రంపం పదునుగా ఉందో లేదో పళ్లు చూసి కాదు, రాలే పొట్టు చూసి తెలుసుకోండి. పదునుంటే పొట్టు అటుకుల్లా రాలుతుంది. మొద్దుబారితే గోధుమపిండిలా లేస్తుంది. పిండి లేస్తోందంటే పైనున్న మనిషి రంపాన్ని బలంతో నొక్కుతున్నాడని అర్థం, నొక్కేవాడు జారుతాడు. వెంటనే దింపించి ఆకురాయి పెట్టండి. ప్రతి పంటికీ లెక్కగా అన్నే తోపులు, అదే వాలు. ఒక పక్క ఎక్కువ రుద్దితే రంపం పక్కకు లాగుతుంది. జహంగీర్ పైనుంచే కనిపెట్టేవాడు. "మల్లన్నా, రాత్రి వదినెతోని లొల్లి అయిందా? రంపం ఎడమకు గుంజుతున్నది" అని అరిచేవాడు. ఇంట్లోవాళ్లంతా కిటికీల్లోంచి నన్ను చూసేవాళ్లు.

చెట్టు మింగిన కొక్కెం

తిరుమలగిరిలో పాత బంగళా. పెద్ద వేపచెట్టు, సగం ఎండింది. ఎండిన పెద్ద కొమ్మను మొదలు దగ్గర కోసేయాలి. జహంగీర్ పైనుండి రంపం పెట్టాడు. కర్రుమని నిప్పురవ్వలు లేచాయి. చైన్ దించి చూస్తే పళ్లన్నీ పోయాయి.

"లోపట మేకేదో ఉన్నట్టుంది, రెండు వేళ్లంత పైకి పెట్టి కొయ్యి" అని మిగిలిన ఒక్క చైన్ వేసి పంపాను. మళ్లీ కర్రుమంది. అదీ పోయింది.

"ఏందన్నా ఇది, చెట్టు లోపట వెల్డింగ్ దుకాణం పెట్టినవా?" పైనుంచి జహంగీర్.

అప్పుడొచ్చాడు ఇంటి పెద్దాయన, కర్ర ఊపుకుంటూ. "అరె, ఆడ మా నాయిన నాకు ఊయల కట్టిన కొక్కెం ఉండాలె! జానెడు పొడువు. ఏడ పోయిందో అనుకుంటున్న ఇన్నేండ్ల సంది" అన్నాడు సంతోషంగా. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పోయిన రెండు చైన్లకూ ఆయన బాధ్యుడు కాదు, అడగనివాడిని నేను. ఒక్క మాట అడిగితే పొద్దున్నే చెప్పేవాడు.

మన ఊళ్లో చెట్టంటే ఉత్త చెట్టు కాదు. బోర్డుల మేకులు, కేబుల్ వైర్లు, బట్టలారేసే తీగలు, అన్నీ మింగి కూర్చుంటుంది. రంపం తీయకముందే ఇంటివాళ్లను అడగండి, ఈ చెట్టుకు ఎప్పుడైనా ఏమైనా కట్టారా అని. ముసలివాళ్లను ముందడగండి, వాళ్లకే గుర్తుంటుంది. చైన్లు మాత్రం మూడు పట్టుకెళ్లండి.

ఆ రోజు పని ఆగిపోయింది. జహంగీర్ దిగి, చెమట తుడుచుకుని, నన్ను ఒక్క మాటనలేదు. "రేపొద్దాం తియ్యన్నా" అని తాడు నా చేతికిచ్చాడు. నేను సర్దిన సామాను మీద అతనికి ఎంత నమ్మకమంటే, మర్నాడు ఆ తాడు అలాగే భుజాన వేసుకుని ఎక్కాడు, ముడి కూడా చూడలేదు. నాకు అదే పెద్ద మెడల్. అలా చూడకపోవడం తప్పని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే వాళ్లతో పోట్లాడేవాడిని.

దసరా

మా షెడ్డులో మేకుకు ఒక పాత తాడు వేలాడుతుండేది. సుగుణక్క ఈ పనికి కొన్న మొదటి తాడు. ఏళ్లు గడిచాయి, దాని పని అయిపోయింది. పైన తొడుగు బాగానే కనబడుతుంది కానీ చేత్తో వంచితే లోపల దారాలు ఎండిన గడ్డిలా పటపటమంటాయి. కొసకు ఎర్ర రంగు వేసి, పారేద్దామని అక్కను అడిగాను.

"పారేస్తవా? అన్నం పెట్టిన తాడురా అది! ఆడనే ఉండనియ్యి" అంది.

నాకూ ఆ మాట తప్పనిపించలేదు. నా మొదటి స్పానరు ఇప్పటికీ మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. అన్నం పెట్టినదాన్ని చెత్తలో ఎలా వేస్తాం? మేకుకే ఉంచాను. ఎర్ర గుర్తు ఉంది కదా, ఎవరు ముట్టుకుంటారు?

ప్రతి దసరాకూ మాకు ఆయుధపూజ పెద్ద పండగ. షెడ్డు కడిగి, పటం పెట్టి, దాని ముందు సామానంతా పేరుస్తాం. మోండా మార్కెట్ నుంచి బంతిపూలు జహంగీరే తెస్తాడు, రంపాలకు దండలు గుచ్చేదీ అతనే. గుమ్మడికాయ కొట్టేది నేను. పులిహోర అక్క ఇంటినుంచి. ఆ ఏడు అక్కకు కొత్త ఆలోచన వచ్చింది. "పాత తాడును సుత దించు. అందరికన్నా పెద్దది అదే, పూజ దానికే ముందు కావాలె" అంది. తనే సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. ఉతికితే మా మూడు తాళ్లలో అదే కొత్తదానిలా కనబడింది.

మూడు తాళ్లనూ చుట్టలు చుట్టి పటం ముందు పెట్టాం. నేనే పసుపునీళ్లు చల్లాను. నేనే ప్రతి తాడు కొసకూ కుంకుమ పెట్టాను, నిండుగా, శ్రద్ధగా, మూడువేళ్లతో అద్ది మరీ.

ఎర్ర గుర్తు పెట్టి ముట్టుకోవద్దని ఊరంతా చాటినవాణ్ణి నేను. ఆ మూడు తాళ్లకూ ఎర్ర గుర్తు పెట్టిందీ నేనే. ఆ క్షణంలో నాకు అది తట్టనేలేదు. పులిహోర తిని ఇంటికి పోయాను.

మర్నాడు తెల్లవారుజామున గాలివాన. తిరుమలగిరిలోనే ఒక ఇంటి రేకుల మీదికి నిద్రగన్నేరు కొమ్మ ఒరిగింది, లోపల బాలింత ఉందని ఫోన్ మీద ఫోన్. నేను పరుగున వచ్చి పటం ముందున్న కుప్పలోంచి రెండు తాళ్లు లాగి ఆటోలో వేశాను. పసుపునీళ్లు ఎండి మూడూ ఒకే రంగు, మూడూ ఒకే గరుకు. కొసలు మూడూ ఎర్రనే. చేత్తో ఒకసారి వంచి ఉంటే పటపటమనేది, వంచలేదు.

అక్కడ దిగగానే ఒకటి జహంగీర్ చేతికిచ్చాను. ఎప్పటిలాగే చూడకుండా భుజాన వేసుకున్నాడు. "దసరా తాడు, అమ్మవారు సుత నాతోనే ఎక్కుతున్నది" అని నవ్వుతూ ఎక్కాడు. మొదటి పంగ దగ్గర తాడు వేసి, బరువు దానిమీద వదిలి, రంపం కోసం వెనక్కి చెయ్యి చాపాడు.

చప్పుడు పెద్దగా రాలేదు, పాత గుడ్డ చింపినట్టు వచ్చింది. మనిషి ఒక అంతస్తు ఎత్తునుంచి కిందపడ్డాడు. గాలికి విరిగిపడినవి మేం అప్పటికే కోసి కుప్పవేసిన కొమ్మలమీద పడబట్టి ప్రాణం దక్కింది. మెడ దగ్గరి ఎముక విరిగింది, కుడి మణికట్టు విరిగింది. నేను కింద సరిచూస్తున్న రంపాన్ని నడుస్తుండగానే వదిలేసి పరిగెత్తి, అతన్ని పట్టుకుని ఏడ్చాను, నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. అతను పళ్లు బిగించి, "రంపం బందు చెయ్యన్నా, నడుస్తనే ఉన్నది" అన్నాడు.

బోయిగూడ

ఆస్పత్రి ఖర్చంతా సుగుణక్కే పెట్టుకుంది, జీతమూ ఆపలేదు. అందులో ఆమెను వేలెత్తి చూపలేం. నాలుగో రోజు ఇద్దరం ఆటోలో బోయిగూడకు, జహంగీర్ ఇంటికి బయలుదేరాం. దారిలో అక్క మెల్లగా అంది.

"తాడు కంపెనోడు మోసం జేసిండని చెప్దాం. నీ పేరెందుకు నడుమ? జరిగింది జరిగింది. పనిచేసేటోళ్ల నడుమ మనసులు ఇరగొద్దు."

నా మంచికే అంది. నాకూ అలా చెప్పాలనే ఉంది, దాచడం దేనికి. ఆటో దిగేదాకా అలాగే చెప్తాననుకున్నాను. తెగిన తాడు కొస రెండు రోజులుగా నా జేబులోనే ఉంది. కుంకుమ రుద్దితే పోయింది, కింద నేనేసిన ఎర్ర రంగు ఉంది.

జహంగీర్ చెయ్యీ మెడా కట్టుతో మంచంమీద ఉన్నాడు. అతని భార్య రజియా చాయ్ తెచ్చింది. కప్పు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడింది.

"మల్లన్నా, ఆ తాడు ఎవలిచ్చిండ్రు?"

అక్క నా మోకాలు నొక్కింది.

"నేనే ఇచ్చిన. అది పాత తాడు, పక్కన పడేసింది. పూజల కలిసిపోయింది. నేను చూడలే" అన్నాను.

రజియా అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది. "రోజు నేను భయపడ్తే ఈయన ఏమంటుండెనో ఎరుకేనా అన్నా? మల్లన్న సర్దిన తాడు, చూసే పనే లేదు, నువ్వు ఫికర్ చేయకు అంటుండె. పద్నాలుగేండ్ల సంది గదే మాట" అంది. నా చేతిలోని కప్పు చూసి, "చాయ్ తాగు, సల్లగైతది" అంది.

జహంగీర్ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. నేను వెళ్లేదాకా నావైపు తిరగలేదు.

కత్తి

ఆ సాయంత్రం షెడ్డుకు వచ్చి, ఎర్ర గుర్తున్న సామానంతా కిందేశాను. మిగిలిన పాత తాడు ముక్కలు ముక్కలుగా కోశాను, మూరకో ముక్క. నిచ్చెన కాళ్లు కోసేశాను. పగిలిన హెల్మెట్లను సుత్తితో కొట్టాను. సుగుణక్క గుమ్మంలో నిలబడి చూసింది.

"అన్నం పెట్టినదాన్ని కోస్తే పాపం తగుల్తదిరా."

"కోయకుంటనే తగిలింది గదా అక్కా" అన్నాను. కోపంగానే అన్నాను. ఆమె మీదకన్నా నా మీదే కోపం.

ఆమె లోపలికొచ్చింది. ఒక మూర ముక్క ఏరి తీసుకుంది. తర్వాత ఎప్పుడో చూస్తే, దేవుడి పటం వెనక ఆ ముక్క కట్టి ఉంది. ఇప్పటికీ ఉంది. అంత చిన్న ముక్కతో ఎవరూ చెట్టెక్కలేరు కాబట్టి నాకూ అభ్యంతరం లేదు.

కొత్తగా వచ్చినవాళ్లు ఈ ఒక్కటైనా గోడకు అతికించుకోండి. పనైపోయిన సామానుకు గుర్తు పెట్టడం చాలదు, అదే రోజు పనికిరాకుండా చేయాలి. గుర్తు మీద ఇంకో గుర్తు పడుతుంది. వాన పడుతుంది, మట్టి పడుతుంది, మా షెడ్డులో కుంకుమ పడింది. ఇప్పుడు దసరాకు తాళ్లకు పూలు మాత్రమే పెడతారు. పని చేసే సామానుకే పూజ.

పది నిమిషాలు

నాలుగు నెలల తర్వాత జహంగీర్ పనికొచ్చాడు. నేను కొత్త తాడు చేతికిచ్చాను. తీసుకున్నాడు. చెట్టు దగ్గరికి పోలేదు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, కళ్లు మూసుకున్నాడు, తాడును ఈ కొసనుంచి ఆ కొస దాకా వేళ్లమధ్య జార్చుకుంటూ, వంచుకుంటూ, బెత్తెడు బెత్తెడు తడిమాడు. పది నిమిషాలు పట్టింది. నేను ఆటో వెనక్కి పోయి నిలబడ్డాను. నా మొహం ఎవరికీ చూపించలేకపోయాను.

మర్నాడూ అంతే. ఏడాది తర్వాతా అంతే. ఇంటివాళ్లు విసుక్కునేవాళ్లు, "చెట్టు కొట్టనీకొచ్చిండ్రా, తాడు పేననీకొచ్చిండ్రా?" అని. జహంగీర్ వినిపించుకునేవాడు కాదు. మాటలు మళ్లీ కలిశాయి, నవ్వులూ కలిశాయి, వదినెతో లొల్లి జోకులూ తిరిగొచ్చాయి. ఆ పది నిమిషాలు మాత్రం పోలేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఇంక నా మీద నమ్మకం రాలేదా భాయ్?"

"నీ మీద ఏం లేదన్నా. రజియాకు మాటిచ్చిన. తాడు చూడకుంట ఎక్కనని" అన్నాడు.

అర్థమైంది. అర్థమైనా నొప్పి తగ్గలేదు. ఆ తడమడమే సరైన పని అని నాకు తెలుసు. తాడు సర్దినవాడు ఒకసారి, ఎక్కేవాడు ఒకసారి, రెండుసార్లు చూడాలి. సర్దినవాడు దేవుడైనా సరే. ఇది బుద్ధికి తెలుసు. మనసుకు మాత్రం మళ్లీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తాడు చూడకుండా అతని భుజమ్మీదికి పోవాలని ఉండేది. ముసలితనంలో ఇదేం పిచ్చి అని మా ఆవిడ తిట్టేది.

నా వేళ్లు

ఏళ్లతరబడి రంపాలు పట్టిన చేతులు, పైగా షుగరు. వేలి కొసలు తిమ్మిరెక్కడం మొదలైంది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇయ్యాల్టికి నడిపియ్యి అని అక్కను తిట్టినవాణ్ణి, నన్ను నేను అలాగే నడిపించుకున్నాను.

ఒక ఉదయం జహంగీర్ తాడు తడుముతూ మధ్యలో ఆగాడు. ఎవరినీ పిలవలేదు. లేచి నా దగ్గరికొచ్చి, నా చూపుడువేలు పట్టుకుని తాడుమీద ఒకచోట పెట్టాడు. "అన్నా, గిది తగుల్తలేదా?" అన్నాడు మెల్లగా. తగల్లేదు. కళ్లజోడు పెట్టుకుని చూస్తే రంపం పంటి గాటు, దారాలు రెండు లేచి ఉన్నాయి. పొద్దున ఆ తాడును నేనే చూసి బాగుందన్నాను.

ఆ తాడు అప్పుడే కోశాను. ఆ మధ్యాహ్నమే సుగుణక్కకు చెప్పాను, నెలాఖరుకు మానేస్తానని. "జెర ఆగు, ఇంకో ఏడాది నడిపియ్యి" అంది అలవాటుగా. తర్వాత నా మొహం చూసి చాయ్ తెప్పించింది. తాడుకు ఒక నియమం, నాకింకొకటి ఉండకూడదు.

ఆఖరి రోజు

ఆఖరి రోజు పని తిరుమలగిరిలోనే, ఒక నేరేడు చెట్టు. సుగుణక్క స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చింది. నేను తాడు చుట్ట తీసి, ఎప్పటిలాగే జహంగీర్ చేతికిచ్చాను.

అతను కూర్చోలేదు. తాడును సరాసరి భుజాన వేసుకుని చెట్టువైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి నవ్వాడు.

"రజియాను అడిగొచ్చిన అన్నా. మల్లన్న ఆఖరి తాడు, ఇయ్యాల ఒక్కరోజు చూడకుంట ఎక్కుత అన్న. సరే, ఎక్కు అన్నది."

రజియా అంది. చాయ్ సల్లగైతది అన్న ఆ రజియా. ఎనిమిదేళ్లుగా నేను కోరుకున్నది ఇదే, ఎదురుగా ఉంది. అక్కడే కూర్చుని ఏడ్చేసేవాడినే. అతను చెట్టు మొదట్లో చెయ్యి వేశాడు.

"ఆగురా!" అని అరిచాను. "నీ మొఖం మండ! చూడకుంట ఎక్కుతవా? నా వేళ్లకు గాటు తగుల్తలేదని నీకెరుక గాదా? దించు తాడు!"

"అరె, ఇయ్యాల ఒక్కరోజన్న నమ్మనియ్యవా అన్నా?"

"నమ్మినవ్ గదా, నాకు అందింది. ఇగ కూసో. తాడు చూడు."

జహంగీర్ ఒక క్షణం నన్నే చూశాడు. తర్వాత వచ్చి నేలమీద కూర్చున్నాడు. నేనూ మోకాళ్లు పట్టుకుని ఎదురుగా కూలబడ్డాను. ఆ కొస అతను పట్టుకున్నాడు, ఈ కొస నేను పట్టుకున్నాను. కళ్లు మూసుకుని అటునుంచి అతను, కళ్లజోడు పెట్టుకుని ఇటునుంచి నేను, వంచుకుంటూ తడుముకుంటూ వచ్చాం. పది నిమిషాలు పట్టింది. నడిమధ్యలో మా చేతులు తగిలాయి. నేను చూసిన సగాన్ని తనవైపు లాక్కుని, అదీ కొసదాకా తడిమాడు.

"మంచిగున్నది అన్నా" అన్నాడు.

"ఎక్కు" అన్నాను.